మసక సంఖ్య ఎవరి మాట? – ఉత్పత్తి షెడ్యూలింగ్‌లో ఫజీ తర్కం: పాతబస్తీ లక్కగాజుల పని ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఉత్పత్తి షెడ్యూలింగ్‌లోని అనిశ్చితిని లెక్కలోకి తెచ్చేందుకు ఫజీ తర్కాన్ని వినియోగించే పరిశోధన నాలుగు దశాబ్దాలకు పైగా సాగుతున్నది. ఆ పరిశోధనలో స్థిరపడిన ఒక అలవాటును ఈ వ్యాసం ప్రశ్నిస్తుంది. అంచెలంచెలుగా మారే గుణం, ఇంకా తెలియని వాస్తవం, ఒక మనిషి ఇచ్చే మాట అనే మూడు వేరువేరు విషయాలను ఒకే త్రిభుజాకార మసక సంఖ్యతో సూచించడమే ఆ అలవాటు. హైదరాబాద్ పాతబస్తీలోని లాడ్ బజార్ లక్కగాజుల పనిలో ఈ మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. వీటిని కలిపివేస్తే లెక్క తప్పుతుందని, ఆ తప్పు భారం ముక్కకు ఇంత అని కూలి తీసుకునే పనివారిపై పడుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫజీ తర్కం, ఉత్పత్తి షెడ్యూలింగ్, అనిశ్చితి, శక్యత, ఆవశ్యకత, లాడ్ బజార్, లక్కగాజులు.

1. ప్రవేశిక

హైదరాబాదీ దక్కనీలో ‘పరసోఁ’ అనే మాటకు నిఘంటువు చెప్పే అర్థాలలో ఒకటి ‘మొన్న’. పాతబస్తీ వాడుకలో మాత్రం అది మొన్నటి నుంచి కొన్నేళ్ల కిందటి వరకు ఏ రోజునైనా సూచించగలదు. విన్నవారు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. తెలుగులో ‘ఒకటి రెండు రోజుల్లో’, ‘ఇంచుమించు’, ‘అటూ ఇటూగా’ అనే మాటలు కూడా ఇటువంటివే. సహజ భాషలోని ఈ వదులుతనానికి గణిత రూపం ఇవ్వవచ్చునన్న ఆలోచనే ఫజీ తర్కానికి ప్రాణం.

ఫజీ అనే మాటకు తెలుగులో ‘అస్పష్ట’, ‘మసక’ అనే పర్యాయపదాలు ఉన్నాయి. ‘అస్పష్ట తర్కం’ అంటే తర్కమే స్పష్టంగా లేదన్న భావన కలిగే అవకాశం ఉంది. ఇందులో తర్కం కచ్చితమైనదే, అది పరిశీలించే వస్తువుకు గల సరిహద్దు మాత్రమే మసకగా ఉంటుంది. అందువల్ల ఈ వ్యాసంలో శాస్త్రానికి ‘ఫజీ తర్కం’ అని, దాని సంఖ్యలకు ‘మసక సంఖ్యలు’ అని వ్యవహరిస్తున్నాను.

‘మసక’ అనే ఒకే పేరు కింద ఎన్ని రకాల అనిశ్చితులు చేరాయి, వాటిని విడదీయకపోతే నష్టం ఎవరికి అన్నవి ఇక్కడ పరిశీలించే ప్రశ్నలు.

2. షెడ్యూలింగ్‌లోకి ఫజీ తర్కం

బాకూలో జన్మించి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధించిన లోత్ఫీ జాదే 1965లో మసక సమితుల సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. సాధారణ సమితిలో ఒక మూలకం ఉంటుంది, లేదా ఉండదు. మసక సమితిలో దాని సభ్యత్వం 0 నుంచి 1 వరకు ఏ విలువైనా కావచ్చు. 1970లో రిచర్డ్ బెల్‌మన్‌తో కలిసి జాదే రాసిన వ్యాసం నిర్ణయశాస్త్రానికి ఈ ఆలోచనను అన్వయించింది. లక్ష్యాలు, పరిమితులు రెండూ మసక సమితులైనప్పుడు వాటి ఉమ్మడి భాగమే నిర్ణయం అవుతుందని అందులో ప్రతిపాదించారు. 1978లో జాదే శక్యతా సిద్ధాంతానికి పునాది వేశారు. మరుసటి ఏడాదే అంరీ ప్రాద్ ఒక షెడ్యూలింగ్ సమస్యకు మసక సమితులను వినియోగించి చూపారు.

అంతకు ముందు షెడ్యూలింగ్ శాస్త్రంలో కాలం స్థిరాంకంగా ఉండేది. 1954లో జాన్సన్ ఇచ్చిన రెండు యంత్రాల సూత్రంలో ప్రతి పనికీ పట్టే సమయం ముందే తెలిసి ఉండాలి. 1950ల చివరలో వచ్చిన పెర్ట్ పద్ధతి ప్రతి పనికీ ఆశావహ, అత్యంత సహజ, నిరాశావహ అంచనాలు మూడింటిని అడిగి, వాటిని సంభావ్యత లెక్కలోకి మార్చింది. త్రిభుజ మసక సంఖ్య కూడా ఈ మూడు అంచనాలనే అడుగుతుంది. అయితే గతంలో ఆ పని ఎన్నిసార్లు ఎంత కాలం పట్టిందన్న గణాంకాలు దానికి అవసరం లేదు. గణాంకాలు దాచుకోని చిన్న కార్ఖానాలకు ఇది అనుకూలమని ఫజీ పక్షం వాదన. ఆ వాదనలో బలం ఉంది.

ఈ రంగంలో తప్పక చదవవలసిన వ్యాసం దిదియే దుబువా, హెలెన్ ఫార్జియే, ఫిలిప్ ఫోర్టాం 2003లో రాసినది. ఫజీ షెడ్యూలింగ్‌లో వేర్వేరుగా ఉంచవలసిన రెండు పనులు ఉన్నాయని వారు గుర్తించారు. సడలించదగిన పరిమితులను వర్ణించడం మొదటిది. అసంపూర్ణ జ్ఞానాన్ని ఎదుర్కోవడం రెండవది. ‘గడువు ఒకరోజు దాటినా ఫర్వాలేదు’ అన్నది ఇష్టానికి సంబంధించిన మాట. ‘ఈ పని ఎన్ని రోజులు పడుతుందో తెలియదు’ అన్నది జ్ఞానానికి సంబంధించిన మాట. ఈ విభజనను అంగీకరిస్తూనే, అది సరిపోదన్నది ఈ వ్యాసం వాదన. అడిగి తెలుసుకున్న అంచనాలతో పనిచేసే చోట మూడవ వర్గం కూడా అవసరం.

3. లాడ్ బజార్: మూడు అనిశ్చితులు

చార్మినార్ నుంచి పడమరగా సాగే లాడ్ బజార్‌ను చూడీ బజార్ అని కూడా అంటారు. హైదరాబాద్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంగడిలో కనిపించే గాజు వెనుక పాతబస్తీ సందుల్లోని చిన్న కార్ఖానాల పని, ఇళ్లలో సాగే పని ఉంటాయి. లక్కను సన్నని సెగ మీద మెత్తబరుస్తారు, రంగు కలుపుతారు, కడ్డీగా సాగదీసి కొలతకు వంచి అతుకుతారు. ఆపైన రాళ్లు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటిగా చేత్తో అద్దుతారు. ఈ క్రమంలో షెడ్యూలింగ్ శాస్త్రానికి సంబంధించిన మూడు అనిశ్చితులు ఉన్నాయి.

మొదటిది లక్క మెత్తదనం. ఏ క్షణాన లక్క ‘వంచడానికి వీలైనంత మెత్తగా’ మారుతుందో ఒక గీత గీసి చెప్పలేము. గట్టిగా ఉంటే విరుగుతుంది, మరీ మెత్తబడితే ఆకారం నిలవదు. ఈ రెండింటి మధ్య అంచెలంచెల స్థితి ఉంది. కారీగరు వేళ్లకు అది తెలుస్తుంది. ఇక్కడ అనిశ్చితి అజ్ఞానం వల్ల వచ్చినది కాదు. ఉష్ణోగ్రతను ఎంత కచ్చితంగా కొలిచినా ‘మెత్తన’ అనే మాట సరిహద్దు మసకగానే ఉంటుంది. ఇది అసలైన ఫజీ విషయం.

రెండవది పండుగ తేదీ. రంజాన్ నెల 29 రోజులా, 30 రోజులా అన్నది 29వ రోజు సాయంత్రం నెలవంక కనిపించడాన్ని బట్టి తేలుతుంది. హైదరాబాద్‌లో 2023లో ఆ నెల 29 రోజులకు, 2024లో 30 రోజులకు, 2025లో మళ్లీ 29 రోజులకు ముగిసింది. నెలవంక కనిపించిన రాత్రే ఆ ఏడాది రంజాన్ అమ్మకాలకు చివరి రాత్రి.

మూడవది కారీగరు చెప్పే సమయం. ‘ఈ ఆర్డరు ఎన్ని రోజుల్లో ఇస్తావు?’ అని దుకాణదారు అడిగితే వచ్చే జవాబు చూడటానికి అంచనాలాగే ఉంటుంది. నిజానికి అది బేరంలో ఒక భాగం.

మొదటిది గుణం, రెండవది వాస్తవం, మూడవది మాట. ఫజీ షెడ్యూలింగ్ వ్యాసాలు తరచుగా ఈ మూడింటినీ ఒకే ఆకారంలోని త్రిభుజంగానో, సమలంబంగానో గీస్తాయి.

4. ఒకే ఆర్డరు, మూడు జవాబులు

ఒక చిన్న లెక్క చూద్దాం. ఇందులోని అంకెలు వివరణ కోసం ఊహించినవి. ఒక ఆర్డరుకు లక్క సిద్ధం చేసి గాజులుగా వంచడానికి కనీసం 1 రోజు, సహజంగా 2, గరిష్ఠంగా 3 రోజులు పడుతుంది. దీనిని (1, 2, 3) అని రాస్తాం. రాళ్లు అద్దడానికి (4, 5, 8) రోజులు. మసక సంఖ్యల కూడిక ప్రకారం మొత్తం (5, 7, 11) రోజులు. కొనేవారి సంతృప్తి 7వ రోజు వరకు పూర్తిగా ఉండి, అక్కడి నుంచి సమంగా తగ్గుతూ 10వ రోజున సున్నాకు చేరుతుందనుకుందాం.

ఈ ఆర్డరు గడువులో పూర్తవుతుందా?

శక్యత ప్రకారం జవాబు 1. ఏడవ రోజున పని ముగియడం పూర్తిగా శక్యమే, అప్పటికి సంతృప్తి కూడా పూర్తిగానే ఉంది. రెండు ఆకారాల ఉమ్మడి వైశాల్యాన్ని పని కాలపు త్రిభుజ వైశాల్యంతో భాగించే ఏకీభావ సూచిక ప్రకారం జవాబు 2.5/3, అంటే సుమారు 0.83. ఆవశ్యకత ప్రకారం జవాబు 3/7, అంటే సుమారు 0.43.

అంకెలు అవే, ఆర్డరు అదే. కానీ ఒక కొలమానం నిశ్చింతగా ఉండమంటుంది, మరొకటి దాదాపు ఫర్వాలేదంటుంది, ఇంకొకటి సగం భరోసా కూడా ఇవ్వదు. ఇది ఫజీ గణితంలో వైరుధ్యం కాదు. మూడు కొలమానాలు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్నాయి. ‘సకాలంలో కావడానికి అడ్డేమైనా ఉందా?’ అన్నది శక్యత అడిగే ప్రశ్న. ‘ఆలస్యం కాదని ఎంతవరకు నమ్మవచ్చు?’ అన్నది ఆవశ్యకత అడిగే ప్రశ్న. ఏకీభావ సూచిక ఒక రేఖాగణిత పోలిక, దానికి ఇంత సూటి అర్థం లేదు.

సకావా, కుబోటా 2000లో జాబ్ షాప్ సమస్యకు జన్యు అల్గారిథమ్‌ను అన్వయించిన వ్యాసం ఏకీభావ సూచికను గరిష్ఠం చేసే దారిలో సాగింది. ఆ తరువాత ఎందరో ఆ దారి పట్టారు. అల్గారిథమ్ ఎంత వేగంగా మెరుగైన విలువను చేరిందో చెప్పడానికి పుటలు వెచ్చిస్తారు. ఆ విలువ ఎవరి ప్రశ్నకు జవాబో చెప్పడానికి ఒక పేరా కూడా కేటాయించని వ్యాసాలు తక్కువేమీ కాదు. పెళ్లికూతురి జోడా కోసం ఎదురుచూసే ఇంటివారికి కావలసినది ఆవశ్యకత. వారికి 0.83 చూపి 0.43 దాచడం గణితంలో తప్పు కాకపోవచ్చు. అది ప్రశ్నను మార్చి జవాబు చెప్పడం.

మరొక అలవాటు కూడా గమనించదగినది. చివరి దశలో (5, 7, 11) వంటి సంఖ్యను కేంద్రకం ద్వారా 7.67 అనే ఒకే అంకెగా మార్చి, దానితో పనులకు వరుస నిర్ణయిస్తారు. (7, 7.5, 8.5) అనే సంఖ్యకూ కేంద్రకం 7.67 మాత్రమే. మొదటిదానిలో నాలుగు రోజుల ఆలస్యానికి చోటుంది, రెండవదానిలో ఒక్క రోజుకే ఉంది. అనిశ్చితిని లెక్కలోకి తెచ్చామని ప్రారంభించిన పద్ధతి నిర్ణయం తీసుకునే చోట దానిని వదిలేసింది.

5. నెలవంక మసక కాదు

ఇప్పుడు పై ఆర్డరు రంజాన్ అమ్మకం కోసమని అనుకుందాం. 29వ రోజు నెలవంక కనిపిస్తే గడువు 7వ రోజు, లేకపోతే 8వ రోజు. గడువు దాటితే ఆ ఏడాది పండుగకు ఆ సరుకు లేనట్టే. గడువు 7 అయితే సకాలంలో పూర్తవుతుందన్న ఆవశ్యకత 0. గడువు 8 అయితే 0.25.

మసక గడువు గీసే పరిశోధకుడు ‘7 వరకు సంతృప్తి 1, 8 దగ్గర సగం, 9 దగ్గర సున్నా’ అని రాస్తాడు. అప్పుడు ఆవశ్యకత సుమారు 0.33 వస్తుంది. ఈ విలువ నిజంగా జరగగల రెండు సందర్భాలలో దేనికన్నా ఎక్కువ. గడువు 7 అయినా, 8 అయినా అంత భరోసా లేదు. నమూనా మాత్రం ఉందంటున్నది. 7 నుంచి 8 వరకే తగ్గేలా గీస్తే 0.2 వస్తుంది. ఆ విలువ ఆ రెంటి మధ్య ఉంటుంది, కానీ రెండు సందర్భాలలో దేనికీ చెందదు.

దోషం అంకెల ఎంపికలో లేదు, వర్గీకరణలో ఉంది. నెలవంక సగం కనిపించి పండుగ సగం వచ్చే సాయంత్రం లేదు. ఇక్కడ వాస్తవం స్పష్టంగా రెండే ముక్కలుగా ఉంది, మనకు తెలియకపోవడం మాత్రమే ఉంది. ఆ తెలియకపోవడం కూడా ఒక నిర్దిష్ట సాయంత్రం తొలగిపోతుంది. అందువల్ల ఇక్కడ కావలసినది సభ్యత్వ ప్రమేయం కాదు, శాఖలుగా విడిపోయే ప్రణాళిక. కనిపిస్తే ఏం చేయాలి, కనిపించకపోతే ఏం చేయాలి, తేలకముందే ఏ పని చేస్తే రెండు సందర్భాలలోనూ విచారం ఉండదు అన్నవి ప్రశ్నలు. పండుగకే చెల్లే సరుకును ముందుగా ముగించి, తరువాత వచ్చే షవ్వాల్ నెల పెళ్లిళ్లకూ పనికివచ్చే జోడాలను చివరి రోజుకు ఉంచుకోవడం అటువంటి ప్రణాళిక. ఇది రెండు దశల నిర్ణయ సమస్య. దానికి వేరే గణితం ఇప్పటికే ఉంది.

ఇక్కడ సంభావ్యతావాదులు తొందరపడి గెలిచామనుకోరాదు. హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులు, అందువల్ల రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పండుగ 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. అదే రుతువులోకి అది తిరిగి రావడానికి సుమారు 33 ఏళ్లు పడుతుంది. ఎండలోనో, వానలోనో రంజాన్ గిరాకీకి పనిచేసిన కార్ఖానా సమయాలను గణాంకాలుగా పోగుచేయాలంటే ఒక కారీగరు జీవితకాలం చాలదు. గత ఆవృత్తుల మీద ఆధారపడే పద్ధతికి ఇది నిజమైన ఇబ్బంది.

6. కారీగరు మాట: అంచనానా, హామీనా?

మూడవ వర్గం ఇక్కడ ఎదురవుతుంది. ఫజీ షెడ్యూలింగ్ వ్యాసాలలో పని సమయాలు ‘నిపుణుల నుంచి సేకరించినవి’ అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. ఇంకొన్ని వ్యాసాలు ఆ మాత్రం శ్రమ కూడా పడవు. 1963లో ఫిషర్, థాంప్సన్ ప్రకటించిన ప్రామాణిక సమస్యల వంటివి తీసుకొని, వాటిలోని స్థిరాంకాలకు అటూ ఇటూ కొంత శాతం కలిపి మసక సమస్యలుగా మారుస్తాయి. అటువంటి అనిశ్చితి ఏ కార్ఖానాలోనూ పుట్టలేదు, రచయిత బల్ల మీద పుట్టింది. దానిపై సాధించిన ఫలితం అల్గారిథమ్ గురించి ఏదైనా చెప్పవచ్చు గాని, అనిశ్చితి గురించి ఏమీ చెప్పదు.

నిజంగా అడిగి తెలుసుకున్న అంచనాల సంగతి చూద్దాం. ఇద్దరు కారీగర్ల పనితనం, వేగం ఒకటే అనుకుందాం. మొదటివారు ఉన్నది ఉన్నట్టు (4, 5, 8) అన్నారు. రెండవవారు (5, 5.5, 6) అన్నారు. కేంద్రకాలు వరుసగా 5.67, 5.5. అల్గారిథమ్ రెండవవారికి ఆర్డరు ఇస్తుంది. ఆవశ్యకతను కొలమానంగా తీసుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. గడువు 6వ రోజు అయితే మొదటివారికి 0.33, రెండవవారికి 1. ఆలస్యం కావచ్చునని నిజం చెప్పినవారు పని కోల్పోయారు.

ముక్కకు ఇంత అని కూలి లభించే చోట ఈ పాఠం త్వరగా వంటబడుతుంది. పైగా ఆర్డరు లేని రోజుకు కూలి లేదు. మరుసటి సీజనుకు అందరి త్రిభుజాలూ సన్నబడతాయి. కాగితం మీద అనిశ్చితి తగ్గినట్టు, పద్ధతి విజయం సాధించినట్టు కనిపిస్తుంది. లక్క, రాళ్లు, కళ్లు, వేళ్లు మారలేదు కనుక పని పట్టే సమయం కూడా మారలేదు. మిగిలిన తేడాను రాత్రి పని భర్తీ చేస్తుంది. రాళ్లు అద్దే పని ఇంట్లో సాగేటప్పుడు ఆ రాత్రి ఏ హాజరు పట్టీలోనూ నమోదు కాదు. షెడ్యూలు చార్టు నుంచి తీసివేసిన అనిశ్చితి దీపం కింద కూర్చున్న స్త్రీ కళ్ల మీదికి చేరుతుంది.

కాబట్టి ఇటువంటి మసక సంఖ్యను ఉష్ణమాపకం చూపే అంకెలా చదవరాదు. అది ఒకరు మరొకరికి ఇచ్చిన మాట. ఎవరు, ఎవరికి, ఏ కూలి షరతు మీద చెప్పారో దానికి జతపరచి చదవాలి. అదే కారీగరు సాటి కారీగరుతో చెప్పే సమయం వేరు, దుకాణదారుతో చెప్పేది వేరు. దుకాణదారు కొనేవారితో చెప్పేది ఇంకా వేరు. ‘రెండు రోజులు’ అనే ఒకే మాటకు మూడు సభ్యత్వ ప్రమేయాలు ఉన్నాయి. అర్థం సందర్భాన్ని బట్టి ఉంటుందని జాదే భాషాచరాలను ప్రతిపాదించిన నాటి నుంచి అందరూ ఒప్పుకున్నదే. ఆ సందర్భంలో అధికారం, అవసరం కూడా భాగమని మాత్రం షెడ్యూలింగ్ పరిశోధన ఇంకా తగినంతగా పట్టించుకోలేదు.

7. ఫజీ పక్షాన చెప్పవలసినది

ఈ విమర్శను ఫజీ తర్కాన్ని తిరస్కరించడంగా చదవరాదు. రెండు చోట్ల దాని వాదన బలమైనదే.

మొదటిది మసక కూడిక. (4, 5, 8) వంటి పది పనులను వరుసగా కలిపితే (40, 50, 80) వస్తుంది. అవే అంచనాలను త్రిభుజ సంభావ్యతా విభాజనాలుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా తీసుకుంటే సగటు సుమారు 56.7, ప్రామాణిక విచలనం సుమారు 2.7 రోజులు. అంటే మొత్తం దాదాపు 51 నుంచి 62 రోజుల మధ్య ఉంటుంది. మసక పద్ధతి అతి జాగ్రత్త చూపుతున్నదని సంభావ్యతావాదులు అంటారు. పది పనుల ఆలస్యాలకు పది వేర్వేరు కారణాలు ఉంటే వారి మాట నిజం. కాని పదింటినీ చేసేది ఒకే మనిషి అయితే, అతనికి జ్వరం వచ్చినా, తెప్పించిన లక్క నాసిరకంగా ఉన్నా అన్నీ కలిసే ఆగుతాయి. చిన్న కార్ఖానాలో ఆలస్యాలు గుంపుగా వస్తాయి. అక్కడ 51–62 అన్న ఇరుకైన భరోసా కన్నా 40–80 అన్న వెడల్పు వాస్తవానికి దగ్గరగా ఉండవచ్చు.

రెండవది నిజంగా సడలే గడువులు. పెళ్లికి పది రోజుల ముందు జోడా అందితే సంతోషం, అయిదు రోజుల ముందయినా ఫర్వాలేదు, ముందురోజయితే ఆందోళన. ఇది అంచెలంచెలుగా మారే ఇష్టం. దీనిని 0 లేదా 1 అని విడగొట్టడమే కృత్రిమం. లక్క మెత్తదనం గురించి పైన చెప్పినది కూడా ఇంతే. సెగను నియంత్రించే పనికి ఫజీ నియమాలు సరిగ్గా అతుకుతాయి. 1975లో మమ్దానీ, అసిలియాన్ ఆవిరి యంత్రం మీద, 1987 నుంచి జపాన్‌లోని సెండాయ్ మెట్రో రైళ్ల మీద ఫజీ నియంత్రణ విజయవంతం కావడానికి ఇదే కారణమని భావించవచ్చు. అక్కడ మసక అయినది యంత్రపు గుణం. యంత్రం తన గుణం గురించి బేరం ఆడదు.

8. ముగింపు

పై చర్చ నుంచి పరిశోధకులు పాటించదగిన మూడు సూచనలు తేలుతున్నాయి.

1. ప్రతి మసక సంఖ్య దగ్గర అది గుణమా, తెలియని వాస్తవమా, మాటా అన్నది రాయాలి. గుణానికి సభ్యత్వ ప్రమేయం, వాస్తవానికి శాఖా ప్రణాళిక తగినవి. మాటకు లెక్క కన్నా ముందు ఒప్పందాన్ని పరిశీలించాలి.

2. శక్యత, ఆవశ్యకత రెండింటినీ ప్రకటించాలి. ఏదో ఒక సూచికను మాత్రమే గరిష్ఠం చేసినప్పుడు అది ఎవరి ప్రశ్నకు జవాబో స్పష్టం చేయాలి.

3. అంచనాలు అడిగే ముందు పూర్తయిన ఆర్డర్ల మొదలు, ముగింపు తేదీలను సేకరించాలి. చెప్పిన సమయాన్నీ, పట్టిన సమయాన్నీ వేర్వేరు వరుసల్లో ఉంచాలి. నిజాయితీగా వెడల్పయిన అంచనా ఇచ్చినవారికి పని తగ్గే పద్ధతి ఏదైనా, అది సేకరించే సమాచారాన్ని అదే పాడుచేసుకుంటుంది.

విశ్వవిద్యాలయాలలో ఉత్పత్తి నిర్వహణ మీద జరిగే పరిశోధన తరచు దూరదేశాల ప్రామాణిక సమస్యలతో మొదలై వాటితోనే ముగుస్తుంది. చార్మినార్ పక్క సందులోని కార్ఖానా అంతకన్నా కఠినమైన సమస్యను చూపుతున్నది. ‘ఎప్పటికిస్తావు?’ అన్న ప్రశ్నకు కారీగరు భయం లేకుండా ‘అయిదు రోజులు, ఎనిమిది కూడా కావచ్చు’ అనగలిగినప్పుడే (4, 5, 8) అన్న సంఖ్యకు గణితంలో అర్థం ఉంటుంది. అటువంటి పరిస్థితి లేని చోట సేకరించిన అంకెల మీద ఎంత సూక్ష్మమైన అల్గారిథమ్ నడిపినా, అది కొలిచేది పని పట్టే కాలాన్ని కాదు, పని పోతుందన్న భయాన్ని.